బడిలో సర్దే పిల్లలు ఇంట్లో ఎందుకు సర్దరు? బొమ్మలు తీసిపెట్టడం నేర్పే పద్ధతి

“మీ దగ్గర బుద్ధిగా అన్నీ తీసిపెడతాడటగా మేడమ్! ఇంటికొస్తే హాలంతా సంత చేసి పోతాడు. మీరేం మంత్రం వేస్తున్నారో మాకూ చెప్పండి.”

రెండున్నరేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల బడిలో పనిచేస్తున్నాను. జూన్‌లో బడి తెరిచింది మొదలు దసరా సెలవుల దాకా గేటు దగ్గర ఈ ప్రశ్న వినని వారం ఉండదు. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పేకంటే ఒకసారి రాసి పెడితే నయం అనిపించింది.

మంత్రమేమీ లేదండీ. మా గదిలో ఇరవై మంది పిల్లలు ఆడుకునే సామాను, మీ ఇంట్లో ఒక్కడికున్న సామానుకంటే తక్కువ. ప్రతి వస్తువుకూ ఒక చోటుంది. ఆ చోటు వాళ్ళ చేతికి అందుతుంది. రోజూ ఒకే వేళకు తీసిపెడతాం. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు నేర్పిన పద్ధతిలోనూ ఇదే ఉంది: పరికరం ఒక్కో రకానిది ఒక్కటే ఉంటుంది, అరలు పిల్లల ఎత్తులో ఉంటాయి, తీసినది తిరిగి పెట్టాకే ఇంకోటి తీసుకోవాలి. సిద్ధాంతం ఇంతవరకే చాలు.

మూడేళ్ళవాడికి “సర్దు” అంటే ఏం చెయ్యాలో తెలియదు. “ఈ కారును ఈ బుట్టలో పెట్టు” అంటే తెలుస్తుంది. ఈ రెండు మాటల మధ్య ఉన్న పనంతా పెద్దవాళ్ళది. అందుకే కింద చెప్పిన మొదటి రెండు మెట్లలో మీ పిల్లాడికి పనేమీ లేదు, ఉన్నదంతా మీకే.

కావలసినవి

– మూత లేని బుట్టలో టబ్బులో నాలుగు. కొనక్కర్లేదు. స్వీటు డబ్బాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు, చెప్పుల అట్టపెట్టెలు, పగుళ్ళు లేని పాత బేసిన్ ఏదైనా సరే. లోతు జానెడుకు మించకూడదు.
– ఒక పాత దుప్పటి, లేదా పాత నేత చీర.
– ఒక పళ్ళెం. ఎందుకో నాలుగో మెట్టులో చెబుతాను.
– అటక మీదికి ఎక్కించడానికి ఒకటో రెండో పెద్ద అట్టపెట్టెలు.
– బుట్టల మీద అంటించడానికి బొమ్మల ఫోటోలు. ప్రింటు తీయించే ఓపిక లేకపోతే అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో గీయండి. కారు కారులా లేకపోయినా వాళ్ళు గుర్తుపడతారు.
– రోజూ పది నిమిషాలు.
– ఇంట్లో పెద్దవాళ్ళందరి ఒప్పుదల. అన్నిటికంటే ఇదే దొరకడం కష్టం.

ముందుగా ఒక జాగ్రత్త

పిల్లాడి చేత తీయిస్తున్నామంటే, నేల మీదున్న ప్రతి వస్తువూ వాడి చేతిలోకి, చేతిలోంచి నోట్లోకి వెళ్ళొచ్చని అర్థం. మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో గోళీలు, పూసలు, చిన్న చక్రాలు, బొమ్మకు ఊడొచ్చిన కళ్ళు కింద ఉండకూడదు. పదిరూపాయల బిళ్ళ అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. ఆ బిళ్ళంత ఉన్నవీ, దానికంటే కాస్త పెద్దవి కూడా గొంతులో అడ్డం పడతాయి.

పాటలు పాడే బొమ్మలూ లైట్లు వెలిగే బొమ్మలూ ఉంటే వెనక బ్యాటరీ మూతకు స్క్రూ బిగించి ఉందో లేదో చూడండి. గుండీలా ఉండే చిన్న బ్యాటరీ మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. మింగాడేమో అని అనుమానం వచ్చినా సరే, తెల్లారేదాకా చూద్దామనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కొత్తవి కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి. చేతివృత్తులవారు చేసే కొన్ని బొమ్మలకు తప్ప, 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి.

బొమ్మలకు ఇనప ట్రంకుపెట్టె వాడుతున్నారా? మానేయండి. మూత చేతివేళ్ళ మీద పడుతుంది, తల లోపలికి పెట్టినప్పుడు పడితే ఇంకా ప్రమాదం.

1. ముప్పావు వంతు దాచేయండి

పిల్లాడు ఇంట్లో లేనప్పుడు బొమ్మలన్నీ ఒకచోట కుప్ప పోయండి. మంచాల కింద, సోఫా సందుల్లో ఉన్నవి కూడా లాగండి. ఆ కుప్ప చూశాక వాడి మీద మీకున్న కోపం సగం తగ్గుతుంది. అంత సామాను సర్దమంటే మనమైనా పారిపోతాం.

విరిగి గుచ్చుకునేవి పారేయండి. చక్రం లేని కార్లు, జత పోయిన ముక్కలు తీసేయండి. చెవి తెగిన కుక్కపిల్లను పట్టుకుని పడుకునే అలవాటుంటే మాత్రం దాని జోలికి వెళ్ళకండి. మిగిలినవాటిలో పావు వంతు బయట ఉంచి, తక్కినవి అట్టపెట్టెల్లో అటక ఎక్కించండి. బయట పదిహేను ఇరవై వస్తువులకు మించకూడదు. బ్లాకుల సెట్టంతా ఒకటే లెక్క. పదిహేను రోజులకోసారి లోపలివి బయటికి, బయటివి లోపలికి మార్చండి. వాడు పేరు పెట్టి అడిగిన బొమ్మను మాత్రం ఆ రోజే దించి ఇవ్వండి. లేకపోతే కనబడకపోతే పోయినట్టే అన్న భయం పట్టుకుని, ఉన్నవి కూడా చేతిలోంచి వదలడు.

కొండపల్లి బొమ్మలు అద్దాల బీరువాలోనే ఉండనివ్వండి. వాటిని చేసే తెల్లపొణికి కర్ర చాలా తేలిక, బుట్టలో విసిరితే ముక్కూ చెయ్యీ విరుగుతాయి. ఏటికొప్పాక లక్కబొమ్మలు ఆటకు బాగుంటాయి, కానీ నీళ్ళలో నానబెట్టి కడగకూడదు. పొడిబట్టతో తుడిస్తే చాలు.

2. ఒక్కోదానికి ఒక ఇల్లు

నాలుగు బుట్టలు: బండ్లు, జంతువులు, వంటసామాను, బ్లాకులు. మీ ఇంట్లో రకాలు వేరైతే వేరే పెట్టుకోండి, నాలుగు దాటనివ్వకండి. బుట్టలు పిల్లాడి నడుము ఎత్తు కంటే పైన ఉండకూడదు. దివాన్ కింద ఖాళీ, టీవీ బల్ల కింది అర, ఏదైనా పనికొస్తుంది. ముందువైపు ఫోటో అంటించండి. పుస్తకాలు బుట్టలో వేయకుండా గోడకు ఆనించి, అట్ట కనబడేలా నిలబెట్టండి.

లోతు జానెడు చాలన్నది ఇందుకే. పెద్ద డ్రమ్ములాంటి డబ్బాలో అన్నీ పోస్తే మనకు రెండు నిమిషాల్లో పనైపోతుంది. మర్నాడు అడుగునున్న ఏనుగు కోసం వాడు డ్రమ్మంతా బోర్లిస్తాడు. అది వాడి తప్పు ఎలా అవుతుంది?

రకాల విషయంలో మరీ పట్టుబట్టకండి. మా బడిలో ఒక మూడున్నరేళ్ళ బుడతడు ఓ మధ్యాహ్నం లారీ పట్టుకుని రెండు బుట్టల మధ్య నిలబడిపోయాడు. అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు, వీడు కదలడు. మొండికేశాడేమో, గట్టిగా పిలుద్దామని దగ్గరికి వెళ్ళాను. లారీలో మేక కూర్చుని ఉంది. లారీ బండ్ల బుట్టలోకి పోవాలి, మేక జంతువుల బుట్టలోకి పోవాలి. మేకను దించితే ప్రయాణం ఆగిపోతుంది. చివరికి రెండు బుట్టలకూ సరిగ్గా మధ్యలో లారీని నేల మీద పెట్టి, మేక తల ఒకసారి నిమిరి, చేతులు కడుక్కోవడానికి పోయాడు. ఆ రోజు నుంచి మా దగ్గర మేక లారీలో ఉండొచ్చు.

3. మాట్లాడకుండా చేసి చూపించండి

మొదటి మూడు రోజులు వాడిని ఏమీ అడగకండి. పక్కన కూర్చోబెట్టుకుని మీరే తీయండి, నెమ్మదిగా. కారు తీసుకోండి, బుట్ట మీది ఫోటో వైపు ఒకసారి చూడండి, లోపల పెట్టండి. విసరకండి. మీరు విసిరితే వాడు ఇంకా దూరం నుంచి విసురుతాడు. మధ్యలో ఉపన్యాసం వద్దు. మీ నోరు చూడాలా, చేయి చూడాలా అని వాడు తికమక పడతాడు. మూడో రోజుకు చాలామంది పిల్లలు అడక్కుండానే ఒకటి అందుకుని బుట్టలో వేస్తారు. వేయకపోయినా దిగులు లేదు, ఇంకో రెండు రోజులు చూపించండి.

4. దుప్పటి, పళ్ళెం

బ్లాకులు, లక్కపిడతలు లాంటి చిన్న చిన్న ముక్కలున్న ఆటలు దుప్పటి పరిచి దాని మీదే ఆడించండి. ఆట అయ్యాక నాలుగు కొసలూ కలిపి మూట కట్టి, బుట్టలో పోయడం. ఒక కొస వాడు, మూడు కొసలు మీరు. చాకలి మూట అని, సంతమూట అని పేరు పెడితే ఇంకా హుషారు. రెండేళ్ళ పిల్లలు కూడా చేయగలిగిన పని ఇది. రెండు వందల ముక్కలు ఒక్కొక్కటే ఏరమంటే ఐదేళ్ళవాడు కూడా ఏడుస్తాడు.

పళ్ళెం సగంలో ఉన్న కట్టడం కోసం. గంటసేపు కష్టపడి కట్టిన వంతెనను భోజనానికి వేళయిందని కూల్చి బుట్టలో వేయమనడం అన్యాయం. పళ్ళెంలో కట్టుకుంటే పళ్ళెంతో సహా అర మీద పెట్టొచ్చు. ఒక్క పళ్ళెమే ఉండాలి. రేపు ఇంకోటి కట్టాలంటే ఇది తీయాలి.

5. వేళ కుదర్చండి

నిద్ర వచ్చే వేళకు ఈ పని పెట్టుకుంటే రోజూ ఏడుపే. పడుకునే ముందు తీయించాలని అందరికీ ఉంటుంది, కానీ అప్పటికి వాడికీ ఓపిక ఉండదు, మీకూ ఉండదు. సాయంత్రం స్నానానికి ముందో, అన్నానికి ముందో పెట్టుకోండి. తర్వాత జరిగేది వాడికి నచ్చేదైతే చాలు. ఇంట్లో ఊడ్చి తుడవడానికి మనిషి వచ్చే వేళ ఉంటే అంతకంటే మంచి వేళ లేదు. “ఊడ్చేటప్పుడు చీపురు కింద కారు పడుతుంది” అన్న కారణం వాడి కళ్ళకు కనబడుతుంది.

ఐదు నిమిషాల ముందు ఒకసారి చెప్పండి. ఐదు నిమిషాలంటే వాడికి తెలియదు కాబట్టి, “ఇంకో రెండుసార్లు జారి, తర్వాత బండ్లు ఇంటికి” అని లెక్క కట్టి చెప్పండి. రోజూ ఒకే పాట పెట్టినా సరిపోతుంది. పాట మొదలైందంటే వేళయిందని అర్థం.

6. చెప్పే మాట చిన్నది కావాలి

“ఇదంతా ఏంటి, ఎన్నిసార్లు చెప్పాలి, వచ్చి సర్దు!” ఇందులో వాడు చేయగలిగిన పని ఒక్కటీ లేదు. “కన్నా, ఎర్ర కార్లు నువ్వు, నీలం కార్లు నేను.” ఇందులో ఉంది. ఒకసారికి ఒక రకం, అది అయ్యాక ఇంకోటి. పని పంచుకునేటప్పుడు ఎందులోంచి మొదలుపెట్టాలో వాడినే అడగండి: “ఏనుగులు ముందా, బండ్లు ముందా?” తీయాలా వద్దా అని మాత్రం అడగకండి. వద్దు అనే అవకాశం మీరే ఇచ్చినట్టవుతుంది.

అయ్యాక “వెరీ గుడ్ బాయ్” కంటే చూసింది చూసినట్టు చెప్పడం మేలు. “జంతువులన్నీ ఇల్లు చేరాయి. మంచం కిందికి దూరి మరీ పులిని తెచ్చావే!” వాడు మళ్ళీ మంచం కిందికి దూరతాడు చూడండి.

7. మెల్లగా తప్పుకోండి

మొదటి వారం మీరు ముప్పావు వంతు, వాడు పావు. రెండు మూడు వారాలకు చెరిసగం. తర్వాత మీరు పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టుకోండి, చేయి మాత్రం వేయకండి. చివరికి వంటింట్లోంచి ఒక మాట అంటే చాలు. ఏడాదిన్నర పిల్లలకు డబ్బాలో వేయడమే ఒక ఆట, వేసింది మళ్ళీ తీస్తారు, తీయనివ్వండి. రెండేళ్ళకు ఒక రకం చాలు. మూడేళ్ళకు ఫోటో చూసి వేరు చేస్తారు. ఐదేళ్ళకు వాళ్ళ మూల మొత్తం చూసుకోగలరు, అదీ రోజూ కాదు.

8. చెయ్యనంటే

ముందు ఆకలా, నిద్రా చూడండి. రెండూ కాకపోతే పని తగ్గించండి: “సరే, మూడంటే మూడు. నువ్వు తెచ్చి నా చేతికివ్వు.” దానికీ ససేమిరా అంటే గొడవ పెట్టుకోకుండా ఆ ఒక్క రకం ఎత్తి పైన పెట్టండి. “ఇవ్వాళ బండ్లు ఇంటికి వెళ్ళలేదు కదా, రేపు సాయంత్రం దాకా పైన ఉంటాయి.” కోపం లేకుండా చెప్పాలి, చెప్పిన వేళకు తిరిగి ఇచ్చేయాలి. వారం దాకా దాస్తే ఎందుకు దాచారో వాడికి గుర్తుండదు, అన్యాయం జరిగిందన్నది మాత్రం గుర్తుంటుంది.

“చెత్తబండికి ఇచ్చేస్తా”, “బూచాడు పట్టుకుపోతాడు”, “పనమ్మాయి కొడుక్కి ఇచ్చేస్తా” లాంటివి వద్దు. మొదటి రెండూ మీరు చేయరని వాడికి నెలలో తెలిసిపోతుంది. మూడోది విని, ఇంకో పిల్లాడి చేతిలో బొమ్మ ఉండటమే ఒక శిక్ష అని నేర్చుకుంటాడు. చాక్లెట్ ఆశ కూడా పెట్టకండి. పదో రోజున “రెండిస్తేనే” అంటాడు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

వాడు పెట్టాక మనం మళ్ళీ సర్దడం. నేనూ చేశాను. మా అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు లక్కపిడతల బుట్టలో రోలును అన్నిటికంటే పైన బోర్లించి పెట్టేది. నాకు చూడ్డానికి బాగుండక తను పక్కకు వెళ్ళగానే రోలు అడుగుకు, గిన్నెలు వరసగా మార్చేదాన్ని. ఓరోజు తిరిగొచ్చి చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు సాయంత్రం బుట్ట తెచ్చి నా ఒళ్ళో పెట్టి, “నువ్వే పెట్టుకో, నీకే బాగా వచ్చు” అంది. మళ్ళీ తను ఆ బుట్ట ముట్టుకోవడానికి నెల పట్టింది. రోలు బోర్లా ఎందుకు పెట్టేదో తర్వాత అడిగితే తెలిసింది: లోపల బల్లి దూరకుండా.

ఇంట్లో తలో మాట. మీరు తీయమంటారు, బామ్మ “పోన్లే, పసివాడు” అంటూ వంగి తనే ఏరుతుంది. ఆవిడ నడుము నొప్పి, మీ కోపం, వాడి విజయం. అత్తగారితో వాదించి గెలిచినవాళ్ళను నేను చూడలేదు, అందుకని ఆవిడకే ఒక పని అప్పగించండి. కుర్చీలో కూర్చుని అడగడం ఆవిడ పని: “ఏనుగు ఇంటికెళ్ళిందా నాన్నా? గుర్రం భోంచేసిందా?” ఇది మా బడికొచ్చే రెండు మూడు ఇళ్ళలో బ్రహ్మాండంగా పనిచేసింది.

అక్కకు పని, తమ్ముడికి ఆట. ఐదేళ్ళ అక్క మూడేళ్ళ తమ్ముడి కార్లు ఏరుతూ ఉంటుంది, “ఆడపిల్ల కదా, ఎంత ఒద్దికో” అని మనం మురిసిపోతాం. ఎవరు తీసినది వాళ్ళు పెట్టాలి. ఇద్దరూ కలిసి ఆడినదైతే రకాలు పంచండి.

చుట్టాలొస్తున్నారని హడావుడిగా నేర్పడం. గంటలో మనుషులొస్తున్నారంటే మీరే గబగబా ఎత్తేయండి, తప్పేమీ లేదు. ఆ రోజు పాఠాల రోజు కాదు.

బిస్కెట్ తింటూ ఆడటం. ముక్కలు బుట్టల్లో చేరి చీమలు, బొద్దింకలు వస్తాయి. ఒకసారి బొద్దింక కనబడిందంటే ఆ బుట్టలో చేయి పెట్టడు, సర్దడం మాట దేవుడెరుగు. పదిహేను రోజులకోసారి మార్చేటప్పుడు బుట్టలు దులిపి తుడవండి. వానాకాలంలో బట్టబొమ్మలు ఎండ వచ్చినప్పుడల్లా ఆరేయండి.

కుదిరిందో లేదో ఎలా చూసుకోవాలి

గది అద్దంలా ఉందా అని చూడకండి. కింది మూడూ చూడండి.

మధ్యాహ్నం ఆటలో ఉన్నప్పుడు “జిరాఫీ ఏదిరా?” అని మామూలుగా అడగండి. నేరుగా వెళ్ళి ఒక్క బుట్టలో చేయి పెట్టి తెస్తే, ఇళ్ళు వాడి తలలో కుదిరినట్టే. నాలుగు బుట్టలూ గుమ్మరిస్తే రకాలు వాడికి అర్థం కాలేదన్నమాట, రెండో మెట్టుకు వెళ్ళి బుట్టలు తగ్గించండి.

పాట మొదలయ్యాక ఎంతసేపట్లో పనవుతోందో ఓ వారం గడియారం చూడండి. పది నిమిషాలు దాటుతుంటే పిల్లాడిలో లోపం వెతక్కండి, బయట సామాను ఎక్కువైంది. ఇంకో ఐదు వస్తువులు అటక ఎక్కించండి.

మూడోది రాత్రి పరీక్ష. అందరూ పడుకున్నాక లైటు వేయకుండా, చెప్పుల్లేకుండా హాలు దాటి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి రండి. కాలికి బ్లాకు గుచ్చుకోకపోతే పాసయినట్టే. వారంలో రెండు మూడుసార్లు తప్పినా ఫరవాలేదు. నెల గడిచినా రోజూ గుచ్చుకుంటుంటే సాయంత్రం వేళ కుదరలేదని అర్థం, ఐదో మెట్టు మళ్ళీ చూడండి.

సెలవులు, పుట్టినరోజులు

సంక్రాంతికి పది రోజులు అమ్మమ్మగారింట్లో ఉండి వస్తే నేర్చుకున్నది సగం పోతుంది. మా బడిలోనూ పండగ తర్వాతి వారం ఇదే కథ. తిట్టకుండా రెండు బుట్టలతో మళ్ళీ మొదలుపెట్టండి, నాలుగైదు రోజుల్లో దారికొస్తారు. అమ్మమ్మ బొమ్మలకొలువు పెట్టే ఇల్లయితే తీసేటప్పుడు పిల్లాడిని పక్కన కూర్చోబెట్టండి. మెట్ల మీద బొమ్మలు దించడం, ఒక్కోదానికీ పాత పేపరు చుట్టడం, పెట్టెలో ఏది కింద ఏది పైన అని ఆవిడ చెప్పడం, ఇవన్నీ వాడు చూడాలి. పగలని బొమ్మ ఒకటి చుట్టడానికి వాడికీ ఇవ్వండి.

పుట్టినరోజున ఇరవై డబ్బాలు వస్తే ఆ సాయంత్రమే అన్నీ విప్పనివ్వకండి. వాడు ఎంచుకున్న రెండు విప్పి, వాటికి బుట్టలో చోటు చేయడానికి ఏ రెండు అటక ఎక్కాలో వాడినే అడగండి. తక్కిన పద్దెనిమిదీ రంగు కాగితాలతో సహా పైన పెట్టేయండి.